బరువు గూడ్సు లైన్లో వంతెన మీద ఏ ట్రాక్: ఓపెన్ డెక్కా, కంకర డెక్కా?

వంతెన దాటగానే అబట్‌మెంట్ (వంతెన చివరి ఆధారపు గోడ) వెనక వచ్చే మొదటి నాలుగైదు స్లీపర్ల దగ్గర వంగి చూడండి. స్లీపర్ అంచున కంకర మీద తెల్లటి పిండి పేరుకుని ఉంటే ఆ స్లీపర్ కింద ఖాళీ ఉన్నట్టే. చక్రం ఎక్కిన ప్రతిసారీ స్లీపర్ దిగి రాళ్లను నూరుతోంది, ఆ పిండి అదే. వానాకాలంలో అది బురదై పైకి చిమ్ముతుంది. ఇప్పుడు రెండడుగులు ఇటు వేసి గిర్డర్ (వంతెన బరువు మోసే దూలం) మీదికి రండి. స్లీపర్‌ని గిర్డర్‌కి పట్టి ఉంచే హుక్ బోల్టు నట్టు చుట్టూ తుప్పు చెరిగి ఇనుము మెరుస్తుంటే, అక్కడా స్లీపర్ ఆడుతున్నట్టే. రెండు గుర్తులూ ఒకే జబ్బువి. చక్రం మెత్తటి గట్టు మీది నుంచి వేరే గట్టితనం ఉన్న వంతెన మీదికి ఎక్కి, మళ్లీ గట్టు మీదికి దిగేటప్పుడు పడే దెబ్బ ఇది. ట్రాక్ వాళ్లు ప్యాకింగ్ చేసి వెళ్తారు, బ్రిడ్జి వాళ్లు బోల్టు బిగించి వెళ్తారు, కొన్నాళ్లకే రెండూ మొదటికొస్తాయి.

డెక్ అంటే పట్టాలను మోసే వంతెన పైభాగం. ఓపెన్ డెక్‌లో స్లీపర్లు నేరుగా గిర్డర్ మీదే ఉంటాయి, కంకర డెక్‌లో తొట్టిలో పోసిన కంకర మీద ఉంటాయి. కాబట్టి డెక్ ఎంచుకునేటప్పుడు స్పాన్ (రెండు ఆధారాల మధ్య భాగం) నడిమి బలం ఒక్కటే చూస్తే చాలదు. వంతెన చివరలు, బేరింగులు (గిర్డర్ చివరలు ఆనే భాగాలు), పట్టా కదలిక ఈ మూడూ కలిపి చూడాలి. కింద స్పాన్ల కొలతల వరసన చెప్పి, చివరికి అప్రోచ్ (వంతెనను ఆనుకుని గట్టు మీదుండే ట్రాక్) సంగతి చూద్దాం.

ముందు బరువు సంగతి. మన గూడ్సు వ్యాగన్ల యాక్సిల్ లోడు (ఒక ఇరుసు మీద పడే బరువు) 20.32 టన్నుల నుంచి 22.9 టన్నులకు పెరిగింది. కొన్ని ఎంపిక చేసిన మార్గాల్లోనూ, సరకు రవాణా కారిడార్లలోనూ 25 టన్నులు నడుస్తున్నాయి. కారిడార్ల వంతెనలనైతే భవిష్యత్తు చూసుకుని 32.5 టన్నుల యాక్సిల్‌కి డిజైన్ చేశారు. బొగ్గు, ఖనిజం మోసే బాక్స్‌ఎన్ వ్యాగన్ పొడవు 10.713 మీటర్లు, నాలుగు యాక్సిళ్లు. అంటే 22.9 టన్నుల దగ్గర మీటరుకు 8.55 టన్నులు, 25 దగ్గర 9.33 టన్నులు. వంతెనల డిజైన్‌కి వాడే 1987 నాటి ఎంబీజీ బరువుల ప్రమాణం ఇంజన్ల వెనక వచ్చే బండికి లెక్కగట్టింది మీటరుకు 8.25 టన్నులే.

22.9 నుంచి 25 అంటే తొమ్మిది శాతం పెంపే కదా అనిపిస్తుంది. అయితే ఉక్కు వెల్డింగుల్లో, రివెట్ల రంధ్రాల దగ్గర అలసట (పదేపదే బరువు పడటం వల్ల జరిగే నష్టం), స్ట్రెస్ పెరిగినంతే పెరగదు, సుమారుగా దాని ఘనం చొప్పున పెరుగుతుంది. 25ను 22.9తో భాగించి ఘనం చేస్తే 1.30. ఒక్కో బండి చేసే నష్టం దాదాపు మూడో వంతు ఎక్కువవుతుంది. 20.32 నుంచి లెక్కిస్తే 1.86 రెట్లు.

చిన్న స్పాన్లు: ఇక్కడ పెద్దగా ఆలోచించనక్కర్లేదు

గూడ్సు దెబ్బ ఎక్కువగా తినేది చిన్న వంతెనే. కారణం వ్యాగన్ కొలతల్లోనే ఉంది. బాక్స్‌ఎన్‌లో బోగీ (వ్యాగన్ కింద రెండేసి యాక్సిళ్ల చట్రం) కేంద్రాల మధ్య దూరం 6.524 మీటర్లు, ఒక్కో బోగీలో యాక్సిళ్ల మధ్య 2 మీటర్లు. అంటే ఒక వ్యాగన్ రెండు బోగీల నడుమ నాలుగున్నర మీటర్ల ఖాళీ ఉంటుంది. పక్కపక్క వ్యాగన్ల బోగీలు మాత్రం దగ్గర దగ్గరగా, నాలుగు యాక్సిళ్ల గుంపుగా వస్తాయి. మూడు మీటర్ల స్పాన్ ఆ గుంపు వచ్చినప్పుడు నిండుగా బరువు మోసి, ఖాళీ వచ్చినప్పుడు పూర్తిగా తేలికపడుతుంది. 58 వ్యాగన్ల రేకు (ఒక పూర్తి గూడ్సు బండి) పోతే దాదాపు అన్నిసార్లూ ఇదే జరుగుతుంది. రోజుకు 20 లోడు రేకులు పోయే లైన్లో అది వెయ్యి సార్లకు పైమాటే. అదే రేకు 76.2 మీటర్ల స్పాన్ మీద పోతే, బండి పొడవు 620 మీటర్లు కాబట్టి మొదటి నుంచి చివరి దాకా స్పాన్ నిండుగానే ఉంటుంది. దానికి రేకు మొత్తానికి బరువు ఎక్కి దిగడం ఒక్కసారే.

కదలిక వల్ల అదనంగా వచ్చే భారం కూడా ఇదే మాట చెబుతుంది. మన బ్రిడ్జి రూల్స్‌లో ఆ గుణకం 0.15 + 8/(6+L), ఇందులో L మీటర్లలో స్పాన్ పొడవు. ఆరు మీటర్ల స్పాన్‌కి 0.82, ముప్ఫై మీటర్లకు 0.37. చిన్న స్పాన్ మోసే బరువుకు 82 శాతం అదనంగా కలిపి లెక్కగట్టాలన్నమాట. అక్కడ ఒక పట్టా జాయింటు కుంగినా, చక్రానికి ఒక చదును పడినా దెబ్బ నేరుగా గిర్డర్‌కే.

అందువల్ల ఆరు మీటర్ల లోపు ఓపెనింగుల్లో పాత ఉక్కు గిర్డర్ మార్చే అవకాశం వస్తే మళ్లీ ఉక్కు గిర్డర్ వేయకండి. నీటి దారికి, ఎత్తుకు సరిపోతే ఆర్‌సీసీ బాక్స్ (ఇనుప చువ్వల కాంక్రీటు పెట్టె తూము) పెట్టండి. కంకర ఇటు నుంచి అటు అదే మందంతో సాగిపోతుంది. ట్యాంపింగ్ మిషన్ (స్లీపర్ల కింద కంకర కుక్కి మట్టం సరిచేసే యంత్రం) ఆగకుండా వెళ్తుంది, పొడవు వెల్డు పట్టాలు కొనసాగుతాయి, బేరింగుల బాధ లేదు. 6.1, 9.15 మీటర్లకు పీఎస్‌సీ (లాగి బిగించిన ఉక్కు తీగల కాంక్రీటు) స్లాబులు దాని తర్వాతి మాట. బాక్స్ పెడితే వరద దారి ఇరుకవుతుందేమో హైడ్రాలిక్ లెక్క వేయించిన తర్వాతే ముందుకు వెళ్లాలి. దీన్ని వదిలేసి పెట్టిన బాక్సుల దగ్గర మొదటి పెద్ద వానకే గట్టు కోతకు గురవుతుంది.

12.2 నుంచి 30.5 మీటర్లు: అసలు పోటీ ఇక్కడ

ఈ కొలతల్లో రెండు దారులున్నాయి. ఒకటి, ఉక్కు ప్లేట్ గిర్డర్ మీద నేరుగా స్లీపర్లు వేసే ఓపెన్ డెక్. ఒకప్పుడు సాలు చెక్క, తర్వాత ఛానల్ స్లీపర్లు, ఇప్పుడు హెచ్-బీమ్ స్లీపర్లు. రెండోది, పీఎస్‌సీ గిర్డరో, ఉక్కు గిర్డర్ మీద కాంక్రీటు స్లాబు పోసిన కాంపోజిట్ గిర్డరో వేసి, తొట్టిలో కంకర పోసే కంకర డెక్.

ఓపెన్ డెక్ బలం దాని తేలికదనం. కంకర డెక్‌లో ఒక్క కంకరే ఎంత బరువో లెక్క వేద్దాం. తొట్టి వెడల్పు నాలుగున్నర మీటర్లు, స్లీపర్ల వాటా తీసేసి సగటు మందం అర మీటరు అనుకుంటే మీటరుకు 2.25 ఘనపు మీటర్లు. ఘనపు మీటరు 1.92 టన్నుల చొప్పున మీటరుకు 4.3 టన్నులు. 30.5 మీటర్ల స్పాన్‌కి 130 టన్నుల పైన. అందుకే పాత ప్లేట్ గిర్డర్ మీదే కంకర డెక్ వేద్దామనే ఆలోచన పనికిరాదు. గిర్డర్ మార్చాలి. పియర్‌లు (వంతెన నడిమి స్తంభాలు), పునాదులు ఆ అదనపు బరువు మోస్తాయో లేదో చూడాలి. కొత్త డెక్ మందం ఎక్కువ కాబట్టి పట్టా మట్టం పైకి లేపాలి, లేదా కింద వరద నీటికి వదిలిన ఎత్తు తగ్గించుకోవాలి. పట్టా లేపితే అటూ ఇటూ గ్రేడియంటు సర్దడానికి గట్టును చాలా దూరం లేపాల్సి వస్తుంది. బ్లాకుల (పని కోసం బండ్లు ఆపే సమయాల) ప్రణాళిక వేసేవాళ్లు చాలాసార్లు మరిచిపోయేది ఈ చివరి పనినే.

అయినా మా ఓటు, పునాది సహకరిస్తే, కంకర డెక్‌కే. ఓపెన్ డెక్‌లో మట్టం గిర్డర్‌తో బిగిసిపోయి ఉంటుంది. ట్యాంపింగ్ మిషన్ గట్టు మీది ట్రాక్‌ని ప్రతిసారీ కాస్త పైకి లేపుతుంది, వంతెన మాత్రం ఉన్నచోటే ఉంటుంది. నాలుగైదు ట్యాంపింగులయ్యేసరికి వంతెన ఒక చిన్న గుంటలా మారుతుంది. అది తగ్గించడానికి అప్రోచ్‌ని లేపకుండా వదిలేస్తే అక్కడ కంకర నలిగి కుంగుతుంది. రెండు విధాలా చక్రం వంతెన చివరనే కొడుతుంది. కంకర డెక్‌లో మిషన్ ఒకే చేత్తో అంతా సరిచేసుకుంటూ పోతుంది.

ఓపెన్ డెక్‌లో తరచూ చెడేవి ఇవి. హుక్ బోల్టు వదులై స్లీపర్ పక్కకు జరుగుతుంది, స్లీపర్ల మధ్య ఖాళీ 450 మి.మీ. దాటుతుంది. గిర్డర్ కేంబర్‌కి (పైకి ఇచ్చిన వంపుకి) తగ్గట్టు ప్యాకింగ్ ప్లేట్లు సరిగా పెట్టకపోతే ఒక స్లీపర్ తేలిపోయి పక్క రెండూ దాని బరువు మోస్తాయి. ఆ రెంటి కింద గిర్డర్ పై ఫ్లాంజికీ (అడ్డు పలక) వెబ్బుకీ (నిలువు పలక) మధ్య యాంగిళ్లలో, రివెట్ల దగ్గర పగుళ్లు మొదలవుతాయి. ఛానల్ స్లీపర్లలో వెల్డు పగుళ్లు తెలిసిన కథే. రబ్బరు ప్యాడు నలిగిపోయి ఉక్కు మీద ఉక్కు కొట్టుకునే చప్పుడు బండి వెళ్తున్నప్పుడు దూరం నుంచే వినబడుతుంది. అది విన్న రోజే ప్యాడ్లు మార్చాలి.

కంకర డెక్‌కీ తన జబ్బులున్నాయి. స్లీపర్ కింద 300 మి.మీ. కంకర కుషన్ ఉండాలి, 400 దాటకూడదు. ట్యాంపింగ్ చేసిన ప్రతిసారీ ఒక సెంటీమీటరో రెండో పెరిగి, పదేళ్లలో కొలిచేసరికి 500 ఉంటుంది. అదనంగా చేరిన 100 మి.మీ. అంటే 30.5 మీటర్ల స్పాన్ మీద 26 టన్నులు, ఎవరూ డిజైన్ చేయని బరువు. తొట్టి గోడ అంచు నుంచి పట్టా పైభాగం ఎంత ఎత్తున ఉందో గోడ మీద పెయింటుతో గీత గీసి పెట్టండి, ప్రతి ట్యాంపింగ్ ముందూ చూసుకోండి. గీత దాటితే మిషన్‌ని లిఫ్ట్ లేకుండా నడపాలి, లేదంటే ముందు కంకర తీయించాలి. ఇంకొకటి నీళ్లు. డ్రైన్ స్పౌట్లు కంకర పొడితో పూడిపోతే తొట్టి చెరువవుతుంది, స్లాబు కింద తెల్లటి సున్నపు చారలు దిగుతాయి. వానలకు ముందు ప్రతి స్పౌట్‌లోనూ ఒక బకెట్ నీళ్లు పోసి కింద నుంచి చూస్తే చాలు. గార్డు రెయిల్స్ (బండి పట్టా తప్పినా పక్కకు పోకుండా ఆపే అదనపు పట్టాలు) అవసరమైన కంకర డెక్‌ల మీద, వాటిని బిగించే ఏర్పాటున్న పీఎస్‌సీ స్లీపర్లే వేయాలి. మామూలు స్లీపర్లు వేసి తర్వాత మార్చడం రెండింతల పని.

మరి ఓపెన్ డెక్ ఎప్పుడు ఉంచాలి? పునాదులు పాతవై అదనపు బరువు మోయలేనప్పుడు, పట్టా మట్టం లేపడానికి దారి లేనప్పుడు, గిర్డర్‌కి ఇంకా తగినంత అలసట ఆయుష్షు మిగిలి ఉన్నప్పుడు. అప్పుడు హెచ్-బీమ్ స్లీపర్లు వేసి, అప్రోచ్ మీద డబ్బు ఖర్చు పెట్టండి.

పట్టాలను నేరుగా కాంక్రీటుకి బిగించే పద్ధతి మెట్రోలకూ సొరంగాలకూ బాగుంటుంది. బరువు గూడ్సు వంతెనకు దాన్ని మేము సూచించం. చివరల్లో గట్టితనం తేడా మరింత పెరుగుతుంది, గిర్డర్ చివర తిరిగినప్పుడు క్లిప్పులను పైకి లాగుతుంది.

పెద్ద స్పాన్లు: పట్టా కదలికే అసలు సమస్య

45.7, 61, 76.2 మీటర్ల ఓపెన్ వెబ్ గిర్డర్ల (ఉక్కు కమ్మీల చట్రపు గిర్డర్లు) మీద కంకర డెక్ గురించి ఆలోచించేది కొత్త వంతెనల్లోనే. ఉన్న ఉక్కు వంతెనలో ఓపెన్ డెక్ ఉంచుకోవాల్సిందే. రాజమండ్రి దగ్గర గోదావరి మీద 1974 నాటి రోడ్డు-రైలు వంతెనలో 91.5 మీటర్ల ఉక్కు స్పాన్లున్నాయి. అంత స్పాన్ 40 డిగ్రీల తేడాకి దాదాపు 43 మి.మీ. పెరుగుతుంది, తగ్గుతుంది. పట్టా దానితో కలిసి కదలాలా, విడిగా ఉండాలా అన్నదే ఇక్కడ తేల్చుకోవాల్సింది.

60 కిలోల పట్టా కదలకుండా పట్టి ఉంచితే డిగ్రీకి 1.9 టన్నుల బలం పుడుతుంది. 30 డిగ్రీలకు ఒక్క పట్టాలో 57 టన్నులు. గిర్డర్ కూడా పట్టాని పట్టుకుని లాగితే ఆ బలం దీని మీద చేరుతుంది. ఒక చివర ఫిక్స్‌డ్ (కదలని), మరో చివర రోలర్ (కదిలే) బేరింగు ఉన్న గిర్డర్ ఎండకు రోలర్ వైపు పెరుగుతుంది, పట్టాని అటే తోస్తుంది. కాబట్టి రోలర్ చివర అబట్‌మెంట్ దాటిన చోట వేసవిలో నెట్టుడు ఎక్కువ, పట్టా పక్కకు వంగిపోయే ప్రమాదం. శీతాకాలం తెల్లవారుజామున అదే చోట లాగుడు ఎక్కువ, వెల్డు తెగే ప్రమాదం. గస్తీ తిరిగేవాళ్లకు ఏ చివర రోలరో తెలిసి ఉండాలి.

ఓపెన్ డెక్ మీద మూడు ఏర్పాట్లుంటాయి. మొదటిది, చిన్న వంతెన మీద రైల్‌ఫ్రీ ఫాస్టెనింగులతో (పట్టాని నొక్కి పట్టకుండా జారనిచ్చే బిగింపులు) పొడవు వెల్డు పట్టాని కొనసాగించడం. ఎంత పొడవు వరకో రైల్వే పర్మనెంట్ వే మాన్యువల్‌లో ఉంది, దాన్ని దాటకండి. రెండోది, అప్రోచ్‌లో ఎస్‌ఈజే (పట్టా పెరగడానికి, తగ్గడానికి వీలిచ్చే జాయింటు) పెట్టి వంతెనంతా రైల్‌ఫ్రీగా ఉంచడం. మూడోది, ప్రతి పియర్ మీదా ఎస్‌ఈజే పెట్టి, గిర్డర్ ఫిక్స్‌డ్ చివర నాలుగు స్లీపర్ల మీద బాక్స్ యాంకర్లు (పట్టా జరగకుండా స్లీపర్‌కి పట్టి ఉంచేవి) వేసి, మిగతా అంతా రైల్‌ఫ్రీగా వదలడం. రెండు చివరలా స్లైడింగ్ బేరింగులైతే ఆ నాలుగు స్లీపర్లు స్పాన్ నడుమ ఉండాలి.

ఎస్‌ఈజే అనేది పట్టాలో కోసిన సందు. ప్రతి చక్రం అక్కడ టంగ్ (పట్టా సన్నని కొన) మీద కొడుతుంది, బరువు యాక్సిళ్ల కింద అది త్వరగా అరుగుతుంది. అందుకని లెక్క అనుమతించినంత వరకు మొదటి ఏర్పాటుకే మొగ్గండి. పొడవు వంతెనల్లో మూడోది తప్పదు. ఎస్‌ఈజే తప్పించుకోవడానికి ఫిష్‌ప్లేట్ జాయింట్లకు తిరిగి వెళ్లడం ఏ గూడ్సు లైన్లోనూ మేలు కాదు. తాత్కాలికంగా ఉంచాల్సి వస్తే జాయింటు అబట్‌మెంట్‌కి మూడు మీటర్ల లోపు రానివ్వకండి, స్పాన్ మీద మూడో వంతు దూరంలో ఉంచండి.

కంకర డెక్ మీద పట్టాకీ గిర్డర్‌కీ సంబంధం కంకర ద్వారా. కాబట్టి గిర్డర్ కదలిక కొంత పట్టాకి చేరుతుంది, దాన్ని లెక్క కట్టాలి. అంతర్జాతీయ రైల్వే సంఘం యూఐసీ 774-3 ప్రకారం, గట్టు మీద మామూలుగా ఉండేదానికి అదనంగా వంతెన వల్ల పట్టాలో నెట్టుడు 72, లాగుడు 92 న్యూటన్లు చదరపు మి.మీ.కి మించకూడదు, బ్రేకు వేసినప్పుడు పట్టాకీ డెక్కుకీ కదలికలో తేడా 4 మి.మీ. దాటకూడదు. బైలడిల్లా ఖనిజం విశాఖకు దించే కేకే (కొత్తవలస-కిరండూల్) లైన్ లాంటి ఘాట్లలో లోడు బండ్లు బ్రేకు మీదే దిగుతాయి. అలాంటి చోట ఉష్ణోగ్రత కంటే బ్రేకు లెక్కే ముందు ఫెయిలవుతుంది. ఫిక్స్‌డ్ బేరింగు దిగువ చివర ఉండటం అక్కడ చాలా అవసరం.

ఏ ఏర్పాటైనా ఒకే తప్పుకు చెడిపోతుంది. వదులుగా కనబడిందని రైల్‌ఫ్రీ ఫాస్టెనింగు తీసి మామూలు ఈఆర్‌సీ క్లిప్పు బిగిస్తారు. మామూలు క్లిప్పు ఒక్కోటి 850 కిలోలకు పైగా పట్టాని నొక్కుతుంది. అలాంటివి కొన్ని చేరితే గిర్డర్, పట్టా ఒకటైపోతాయి, బాక్స్ యాంకర్ లెక్క తారుమారవుతుంది. పరీక్ష సులువు. బేరింగు పై ప్లేటు మీద, కింది ప్లేటు మీద ఒకే గీత గీయండి. తెల్లవారుజామున, మధ్యాహ్నం రెండింటికీ చూడండి. 45.7 మీటర్ల గిర్డర్ 15 డిగ్రీలు వేడెక్కితే రోలర్ దగ్గర గీతలు 8 మి.మీ. జరగాలి. అదే సమయంలో పట్టా 25 డిగ్రీలు వేడెక్కితే ఎస్‌ఈజే సందు సుమారు 13 మి.మీ. మూసుకోవాలి. గీత జరగకపోతే బేరింగు పట్టేసింది, ఆ బలమంతా పియర్ తలమీద పడుతోంది. గీత జరిగి సందు మారకపోతే ఫాస్టెనింగులు బిగిసిపోయాయి.

అప్రోచ్: ముందు కారణం తేల్చండి

అప్రోచ్‌కి నాలుగైదు మందులున్నాయి. జబ్బు తెలియకుండా వేస్తే డబ్బు దండగ. లోడు లేనప్పుడు లెవెల్ తీయండి, లోడు బండి వెళ్తున్నప్పుడు వాయిడ్ మీటర్‌తో మొదటి పది మీటర్లలో స్లీపర్ ఎంత దిగుతోందో చూడండి.

బండి లేకున్నా గుంట కనిపిస్తే గట్టు లోపల కుంగుతోంది. వీప్ హోల్స్ (అబట్‌మెంట్ గోడలో నీళ్లు పోయే రంధ్రాలు) మూసుకుపోయాయా చూడండి. అబట్‌మెంట్ వెనక 600 మి.మీ. బండరాళ్ల పొర, దాని వెనక ఇసుక-కంకర మట్టి ఉన్నాయా, నల్లరేగడి నింపేశారా తేల్చండి. కృష్ణా, గోదావరి డెల్టా మట్టిలో చాలా చోట్ల అసలు కారణం ఇదే. దీనికి మందు నీళ్లు బయటికి పంపడం, నింపిన మట్టి మార్చడం. నాలుగు మీటర్లకు తగ్గని ఆర్‌సీసీ అప్రోచ్ స్లాబు, ఒక చివర అబట్‌మెంట్ మీద ఆన్చి, దీని తర్వాత వేయాలి. మట్టి మార్చకుండా స్లాబు వేస్తే దాని అవతలి చివర కుంగి, గుంట నాలుగు మీటర్ల అవతలికి మారుతుంది.

లెవెల్ బాగుండి, బండి కింద మాత్రం స్లీపర్లు దిగుతుంటే ఖాళీ కంకరలోనే ఉంది. జల్లెడ పట్టించి, భుజాలు నింపి, చేతితో గట్టిగా ప్యాక్ చేయించండి.

రెండూ బాగున్నా అబట్‌మెంట్ దగ్గర పిండి రాలుతూనే ఉంటే, సమస్య గట్టుది కాకపోవచ్చు, వంతెన మరీ గట్టిగా ఉండటమే కావచ్చు. కాంక్రీటు డెక్, కాంక్రీటు స్లీపర్ కలిసిన చోట ఇది కనిపిస్తుంది. అమెరికాలో కొలరాడోలోని ప్వెబ్లో దగ్గర 35.7 టన్నుల యాక్సిళ్లతో పరీక్షలు నడుస్తాయి. ఆ దేశపు బొగ్గు లైన్ల అనుభవం ఒక మాట తేల్చింది. గట్టును ఇంకా బిగించినంత మాత్రాన ఇలాంటి అప్రోచ్ బాగుపడలేదు, వంతెన మీది ట్రాక్‌ని మెత్తబరిచినప్పుడు బాగుపడింది. స్లీపర్ కింద రబ్బరు ప్యాడు, లేదా కంకర కింద మ్యాటు. డెక్ వేసే రోజునే మ్యాటు పరిస్తే చవక. తర్వాత పరవాలంటే కంకర మొత్తం తీయాలి.

బ్లాకు దొరికినప్పుడు పని వరస కూడా ముఖ్యమే. ముందు బేరింగులు ఎత్తి శుభ్రం చేసి గ్రీజు వేయండి, తర్వాత డెక్ మీది స్లీపర్లు, ఫాస్టెనింగులు, ఆపైన అప్రోచ్ మట్టి, కంకర, చివరికి పట్టాల డీస్ట్రెస్సింగ్ (పట్టాల్లో పేరుకున్న బలాన్ని వదిలించి మళ్లీ బిగించడం). డీస్ట్రెస్సింగ్ ముందే చేసేసి తర్వాత గిర్డర్ ఎత్తితే పట్టా జరిగిపోతుంది, మళ్లీ చేయాలి. పని అయిన రోజే బేరింగు గీతలు, ఎస్‌ఈజే సందు, తొట్టి గోడ మీది పెయింటు గీత మూడూ ఉష్ణోగ్రతతో సహా రిజిస్టరులో రాయండి.